బోరు మోటారు శ్రుతికి మామయ్య పాట

ఇప్పుడు చైతన్యపురి అంటే మెట్రో స్టేషను. నా చిన్నతనంలో అది రోడ్డుకి అటూ ఇటూ కోచింగ్ సెంటర్ల బోర్డులు, ఆ బోర్డుల వెనక సందుల్లో హాస్టళ్ళు, హాస్టళ్ళ మధ్య ఇరుక్కుని మాలాంటి సంసారుల అద్దె వాటాలు. ఆ రోజుల్లో ఆ సందుల్లో మనిషి హోదాని కారుతోనో మేడతోనో కొలిచేవారు కాదు, బోరుతో కొలిచేవారు. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి, అవీ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. అందుకని బోరున్న ఇంట్లో వాటా దొరికిన రోజున మా నాన్న తెనాలిలో మా తాతయ్యకి రాసిన కార్డులో తన ప్రమోషన్ సంగతీ, నా ముందుపళ్ళు ఊడిన సంగతీ వదిలేసి ముందుగా బోరు సంగతి రాశాడట. అలాంటి బోరు మోటారుని మా చిన్న మామయ్య తంబూరాగా వాడుకున్నాడని చెబితే మా పిల్లలు నమ్మడం లేదు. నమ్మకపోతే పీడాపోయె, మీరైనా నమ్మండి.

మామయ్య మా అమ్మకి ఆఖరి తమ్ముడు. డిగ్రీ అయ్యాక ప్రభుత్వోద్యోగ పరీక్షల కోచింగని చెప్పి తెనాలి నుంచి మా ఇంటికి వచ్చాడు. కోచింగ్ నిజమే. పుస్తకాలు కూడా నిజమే, వాటిని దొంతరగా పేర్చి దాని మీద తన శ్రుతిపెట్టె పెట్టుకునేవాడు. అసలు వచ్చింది మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెద్దావిడ దగ్గర సంగీతం చెప్పించుకోవడానికి. ఈ సంగతి అమ్మకి తెలుసు. నాన్నకి తెలిసీ తెలియనట్టుండేది. తెనాలిలో విత్తనాలూ పురుగుమందుల కొట్టు నడిపే తాతయ్యకి ఎవరూ చెప్పలేదు (ఎవరూ చెప్పకపోయినా తాతయ్యకి అన్నీ తెలిసేవి, అది వేరే విషయం). పొద్దున్న లేవగానే సా, పా, పై సా అని గొంతు సవరించుకునేవాడు కనక నేను ఆయనకి సాపాసా మామయ్య అని పేరు పెట్టాను. వీధంతా అదే ఖాయం చేసుకుంది. కూరలబ్బాయి కూడా "సాపాసా సార్ ఉన్నరా అమ్మా, దొండకాయలు కావాలన్నరు" అని అడిగేవాడు.

నాకు ఆ మామయ్యంటే ప్రాణం. అన్నం తింటూ కంచం అంచు మీద తాళం వేసేవాడు, నేను కూడా వేసేదాన్ని, అమ్మ ఇద్దరికీ కలిపి ఒకటే తిట్టు తిట్టేది. నాకు ఎక్కాలు రావడం లేదని నాన్న విసుక్కుంటే, నాకు అప్పగించు బావా అని తీసుకుని ఒక్కో ఎక్కానికి ఒక్కో రాగం కట్టాడు. ఏడో ఎక్కం మోహన, ఎనిమిదో ఎక్కం కల్యాణి, తొమ్మిదో ఎక్కం ఏదో ఏడుపు రాగం (తొమ్మిదో ఎక్కానికి అదే తగినది). వారం తిరిగేసరికి అన్నీ నోటికి వచ్చేశాయి. చిక్కేమిటంటే బడిలో టీచర్ ఏడెనిమిదులెంతని అడిగితే చప్పున చెప్పలేకపోయేదాన్ని. ఏడొకట్ల ఏడు దగ్గర ఎత్తుకుని, గమకాలతో సహా పాడుకుంటూ ఏడెనిమిదుల దాకా రావాలి. క్లాసంతా నాతో పాటు తలూపేది. టీచర్ అమ్మని పిలిపించి, మీ అమ్మాయికి లెక్కలొచ్చు గాని టైము పడుతోందండీ అని చెప్పింది. అమ్మ ఇంటికొచ్చి మామయ్యని నిలదీస్తే, "విలంబంలో నేర్పానక్కా, ఇక మీదట ద్రుతంలో నేర్పుతాలే" అన్నాడు.

ఇక మోటారు దగ్గరికి వస్తాను. మామయ్య తెనాలి నుంచి బస్సు టాపు మీద తెచ్చుకున్న శ్రుతిపెట్టెకి మా ఇంట్లో ఎలుకలు పట్టాయి. తిత్తి తోలు కొరికేశాయి. నొక్కితే సా బదులు ఉస్సురుమని గాలి వచ్చేది. కొత్తది కావాలంటే తాతయ్యని అడగాలి, అడిగితే పాట సంగతి బయటపడుతుంది. కొన్నాళ్ళు శ్రుతి లేకుండానే పాడాడు గాని, పాడుతూ పాడుతూ ఎక్కడికో వెళ్ళిపోయి తిరిగొచ్చే దారి తెలియక దిక్కులు చూసేవాడు. ఒక ఉదయం మెట్ల మీద కూచుని పళ్ళు తోముకుంటుండగా కింద ఓనరంకుల్ మోటారు వేశాడు. మెట్ల కిందే ఉండేది ఆ మోటారు. వేయగానే ఒకసారి మూలిగి, గొంతు సవరించుకుని, ఇక సన్నగా ఒకే తీరున మోగుతూ ఉండేది. మామయ్య బ్రష్ నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత నురుగు కక్కుతూ వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, పంచమం, పంచమం, అచ్చం నా పంచమం అని అమ్మ భుజాలు పట్టుకుని ఊపేశాడు. తంబూరాలో మొదటి తీగె పలికేది పంచమమేనట, అంటే ఆ పా. భగవంతుడు మెట్ల కింద తంబూరా పెట్టి మరీ ఇచ్చిన ఇల్లు ఇది అని ఆయన తీర్మానం.

ఓనరంకుల్ అబ్దుల్లాపూర్‌మెట్ అవతల పల్లె నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న మనిషి. ఇటుకల వ్యాపారం. మాట గట్టిగా వచ్చేది గాని మనసు మెత్తన. రోజూ పొద్దున్న మోటారు వేసే బాధ్యత తనకిమ్మని మామయ్య వెళ్ళి అడిగితే ఆయన ఎంత సంతోషించాడో చెప్పలేను. చదువుకునే పిలగాడు, పెందలాడే లేస్తడు, మంచిగైంది తియ్యి అని స్విచ్చి గది తాళంచెవి చేతిలో పెట్టాడు. ఆ తాళంచెవి ఎంత పని చేస్తుందో పాపం ఆయనకేం తెలుసు.

నా ఉద్యోగం డాబా మీద. నల్ల ట్యాంకు పక్కన నిచ్చెనెక్కి, మూత పక్కకి జరిపి, నీళ్ళు అంచుకి రాగానే నిండింది మామయ్యా అని కేక పెట్టాలి. కేక పెట్టేదాన్ని. మామయ్య మెట్ల మీద కళ్ళు మూసుకుని, కుడిచేత్తో తొడ మీద తాళం వేస్తూ, ఎడమచేతి చూపుడు వేలు నా వైపు ఎత్తేవాడు. ఒక్క నిమిషం అని దాని అర్థం. ఆలాపన మధ్యలో తెగకూడదట. తెగకూడదు సరే, ట్యాంకుకి ఆ మర్యాదలు తెలియవు కదా. నీళ్ళు పొంగి, డాబా మీద పారి, గోడ వెంట దిగి, ఓనరాంటీ కింద ఎండబెట్టుకున్న చల్ల మిరపకాయల మీద పడ్డాయి. ఒకసారైతే ఆవిడ ఊరుకుంది. రెండోసారి ఓనరంకుల్ లుంగీ ఎగ్గట్టుకుని పైకొచ్చాడు. అరుస్తాడని నేను ట్యాంకు వెనక దాక్కున్నాను. ఆయన అరవలేదు, మామయ్య పక్కన మెట్టు మీద కూచున్నాడు.

"తమ్మీ, నువ్వు పాడు, నేనొద్దంట లేను. గని నువ్వు పాడేదాంక బోరు ఉరుకుతనే ఉంటె ఎండకాలం నాటికి ఏం మిగుల్తది? పాడితె వాన పడే రాగం ఒకటుంటదంట గదా. గది పాడరాదు, ఇద్దరికీ మంచిగుంటది."

ఆయన వెటకారమే చేశాడని నాకు ఇప్పటికీ అనుమానం. మామయ్య మాత్రం ఎంతో గంభీరంగా, ఆ రాగం ఇంకా పాఠం కాలేదండీ, అయ్యాక తప్పకుండా పాడతాను అని మాటిచ్చాడు. ఓనరంకుల్ చాలాసేపు ఆయన మొహంలోకి చూసి, లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మామయ్యలో ఒక మార్పొచ్చిన మాట వాస్తవం. మోటారు ఎంతసేపు నడుస్తుందో అంతలోనే సాధన ముగిసేలా పద్ధతి పెట్టుకున్నాడు. మోటారు వేయగానే గొంతు వేడెక్కడానికి వర్ణం పాడేవాడు. వర్ణం అయ్యాక కల్యాణి రాగం ఆలాపన. అది పైకి ఎక్కి ఎక్కి, పై షడ్జమం మీద, అదే ఆ పై సా మీద, నిలబడ్డ కాసేపటికి ట్యాంకు నిండేది. ఏ రోజు చూసినా అదే వరస, అదే సమయం. కిందింటి వాళ్ళు ఆ పాటని బట్టి కుక్కరు దించుకునేవారు.

ఇంతలో తాతయ్యకి తెలియనే తెలిసింది. తెనాలి వాళ్ళెవరో హైదరాబాద్ వచ్చి, మీవాడి గొంతు మహ బాగుందండీ అని మెచ్చుకుంటూ చెప్పి పుణ్యం కట్టుకున్నారు. తాతయ్య కోపిష్ఠి కాదు. తెల్లారేసరికి కొట్టు తీసే మనిషి, రాత్రి దాకా రైతులతో వేగే మనిషి, మామయ్య పాటని ఏనాడూ కుదురుగా కూచుని వినలేదు. పాట మీద ఆయనకి పగ లేదు, పాట కూడు పెడుతుందన్న నమ్మకం లేదంతే. అంతకు ముందే రెండుసార్లు మామయ్య రేడియో ఆడిషన్‌కి వెళ్ళి తప్పాడని కూడా ఆయన చెవిన పడింది. ఇక బేరం కుదిర్చాడు. ఇంకొక్కసారి వెళ్ళు, రేడియో వాళ్ళు నువ్వు పాటగాడివే అంటే నేను అడ్డం రాను, కాదంటే వచ్చి కొట్లో కూచో. ఇది విన్న రోజు మామయ్య అన్నం సరిగా తినలేదు. కంచం మీద తాళం కూడా వేయలేదు. మామయ్య వెళ్ళిపోతాడేమోనని నేను మంచం కింద దూరి ఏడిచాను. అమ్మ నన్ను బయటికి లాగి, ఏడవకే, ఈసారి పాసవుతాడు అని తనూ ముక్కు ఎగబీల్చింది.

ఆ తర్వాత మామయ్య చేసిన సాధన మామూలుది కాదు. కోచింగ్ మానేశాడు. మజ్జిగ మానేశాడు, ఐస్ మానేశాడు, చివరికి గట్టిగా మాట్లాడటం మానేసి మాతో సైగలతో మాట్లాడేవాడు. పొద్దున్న మోటారు వేసి అదే వర్ణం, అదే కల్యాణి, అదే పై షడ్జమం. పాట రాని ఓనరంకుల్ కూడా ఇటుకల లారీ వెనక నడుస్తూ ఆ కల్యాణి కూనిరాగం తీసేవాడు. పాడిందే పాటరా పాచిపళ్ళ దాసరా అని నాన్న గొణిగేవాడు గాని, ఆడిషన్ రోజున ఆఫీసుకి సెలవు పెట్టింది నాన్నే. నేను ఏడ్చి గోల చేస్తే నన్నూ తీసుకెళ్ళారు. అమ్మ మా ముగ్గురికీ ఎదురొచ్చి చేతిలో పెరుగు పోసింది.

లోపల ఏం జరిగిందో మాకు కనబడలేదు, వినబడలేదు. ఆ గదుల్లోంచి చీమ చిటుక్కుమన్నా బయటికి రాదు. నాన్నా నేనూ వరండాలో బెంచీ మీద కూచున్నాం. నాన్న అన్ని దేవుళ్ళనీ వరసగా తలుచుకుంటూ, మధ్యమధ్య నన్ను కదలకు అని కసురుతూ, తను మాత్రం కాలు ఊపుతూనే ఉన్నాడు. చాలాసేపటికి మామయ్య బయటికి వచ్చాడు. ఆయన వెనకే తంబూరా వాయించిన ఆవిడ వచ్చి, మామయ్య వైపు కొరకొర చూసి చరచరా వెళ్ళిపోయింది. ఎలా జరిగిందిరా అని నాన్న అడిగితే మామయ్య బస్టాపు వైపు నడిచాడు. మేం బస్సెక్కాం.

కోఠి దాటాక నెమ్మదిగా చెప్పాడు. వర్ణం బ్రహ్మాండంగా వచ్చిందట. కల్యాణి ఎత్తుకున్నాడు, పైకి ఎక్కాడు, పై షడ్జమం మీద నిలబడ్డాడు. అద్దం అవతలి నుంచి స్పీకర్‌లో "శ్రుతి చూసుకోండి" అని వినబడిందట. చూసుకున్నాడు. తన గొంతు సరిగానే ఉంది, తంబూరాయే పైకి పోయినట్టు తోచింది. అమ్మా, మీ తంబూరా సరి చేసుకోండి అని ఆవిడకి చెప్పాడట. (అందుకే ఆ కొరకొర చూపు.) ఆవిడ పళ్ళు నూరుకుంటూ తీగెలు మీటి చూపించింది, సరిగానే ఉన్నాయి. మళ్ళీ పాడాడు. మళ్ళీ అదే చోట, అదే మాట. ఇక కీర్తన ఎలా పాడాడో ఆయనకే తెలియదట. ఇదంతా చెప్పి కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాడు. నాన్న ఏం ఓదార్చాలో తెలియక నాకు వేరుశెనక్కాయలు కొనిచ్చాడు. మలక్‌పేట దాటింది. మూసారాంబాగ్ దగ్గర బస్సు ఆగి, మళ్ళీ కదిలాక మామయ్య ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు.

"బావా, గీజర్లు."

దిగాల్సిన స్టాపు దాటిపోయిందేమో అనుకుని కండక్టర్ పాపం బస్సు ఆపించాడు. కాదు, కాదు అని నాన్న అందరికీ సర్దిచెప్పి మామయ్యని కూచోబెట్టాడు. మామయ్య చెప్పింది ఇదీ. పొద్దున్న మేం మోటారు వేసిన కాసేపటికి మా సందులోని హాస్టళ్ళలో కుర్రాళ్ళందరూ ఒక్కసారి లేస్తారు, అందరి గీజర్లూ ఒక్కసారి పడతాయి, కరెంటు కుంగిపోతుంది. మా మెట్ల మీది బల్బు ఆ సమయానికి రోజూ కుంకుమ రంగులోకి మారేది. అది మాకు ఎంత అలవాటంటే, బల్బు ఎర్రబడితే బడికి తయారవ్వాలని నాకు గుర్తు. బల్బు కుంగితే మోటారు కుంగదా? దాని వేగం తగ్గుతుంది, మోత ఒక వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. సరిగ్గా మామయ్య పై షడ్జమం మీద నిలబడే వేళకి. తంబూరా దిగితే పాటగాడు దిగాలి గదా, ఆయనా దానితో పాటు భక్తిగా దిగేవాడు. రోజూ. నెలల తరబడి. గొంతుకి అది పాఠమైపోయింది.

మర్నాడు పొద్దున్న పరీక్ష పెట్టాం. గుళ్ళో భజన వాళ్ళ శ్రుతిపెట్టె అడిగి తెచ్చి మెట్ల మీద పెట్టాం. మామయ్య మోటారు వేశాడు. నాన్న శ్రుతిపెట్టె తిత్తి ఊదుతున్నాడు, అమ్మ చెంబు పట్టుకుని నిలబడింది, నేను బల్బుని చూస్తున్నాను. మోటారూ శ్రుతిపెట్టే ముందు చక్కగా కలిసి మోగాయి. ఇంతలో బల్బు ఎర్రబడింది. ఎర్రబడగానే రెండు మోతలూ విడిపోయి ఒకదాన్నొకటి గీరుకోవడం మొదలుపెట్టాయి, నాకే తెలిసిపోయింది. నాన్నకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు, తిత్తి చేతిలోంచి జారిపోయింది, మెట్ల మీద కూలబడి కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఒరేయ్, ఇన్నాళ్ళూ నీకు సంగీతం నేర్పింది హాస్టల్ కుర్రాళ్ళ స్నానాలురా అన్నాడు. అమ్మ నవ్వింది, నేను నవ్వాను, మామయ్య మా అందరికన్నా ఎక్కువ నవ్వాడు. నవ్వీ నవ్వీ చివరికి మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. అప్పుడు మాకు నవ్వు ఆగిపోయింది. అమ్మ వెళ్ళి ఆయన వీపు మీద చెయ్యి వేసి కూచుంది. నాకు ఆ గీజర్లన్నీ పేలిపోవాలనిపించింది.

కొన్ని వారాలకి రేడియో వాళ్ళ జవాబు వచ్చింది. ఎంపిక కాలేదు. తాతయ్య మాట తప్పడు, ఇంకొకర్ని తప్పనివ్వడు. మామయ్యని తీసుకెళ్ళడానికి తనే వచ్చాడు. తెల్లటి పంచె, చంకలో సంచి, సంచిలో సున్నుండలు, మనిషి చుట్టూ పురుగుమందు వాసన. ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న ధైర్యం చేసి మామయ్య తరఫున వకాల్తా తీసుకున్నాడు. వాడి తప్పు కాదండీ మావయ్యగారూ, గీజర్ల తప్పు అని మొదలుపెట్టి కరెంటు, మోటారు, బల్బు అన్నీ వివరించాడు. తాతయ్య అంతా విని, "అల్లుడుగారూ, మా కొట్లో గీజర్లు లేవండీ. వాడికక్కడ ఏ ఇబ్బందీ ఉండదు" అన్నాడు. అమ్మ పెరుగన్నం వడ్డించింది. మామయ్య బట్టలు సర్దుకున్నాడు. పుస్తకాల దొంతర మాత్రం నాకిచ్చాడు, అన్నీ కొత్తవే.

మర్నాడు ఆదివారం, హాస్టళ్ళు కాస్త ఆలస్యంగా లేచే రోజు. పొద్దున్న మామయ్య మోటారు వేయలేదు. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, నిద్రపోవడం లేదని నాకు తెలుసు. తాతయ్య అప్పటికే లేచి స్నానం చేసి, విభూతి పెట్టుకుని, వసారాలో కుర్చీలో కూచున్నాడు. కింది నుంచి ఓనరంకుల్ గొంతు వినబడింది. ఏంది సార్, ఇయ్యాల మోటరెయ్యలేదు, పాట లేదు, పాణం బాగలేదా తమ్మికి అని. మా నాన్న పైనుంచి ఏదో సర్దిచెప్పబోయాడు. తాతయ్య చెయ్యెత్తి ఆపి, నన్ను దగ్గరికి పిలిచి ఆ స్విచ్చి ఎక్కడుందో చూపించమన్నాడు. నేను మేకుకి తగిలించిన తాళంచెవి తీసుకుని, తాతయ్య వేలు పట్టుకుని మెట్లు దింపి చూపించాను. తాతయ్యే వేశాడు. మోటారు మూలిగి, సర్దుకుని, మోగడం మొదలుపెట్టింది. తాతయ్య మళ్ళీ ఎక్కి వచ్చి పై మెట్టు మీద కండువా పరుచుకుని కూచున్నాడు. మామయ్య గడపలో నిలబడి ఉన్నాడు.

"బస్సుకి ఇంకా టైముంది. పాడు, విందాం" అన్నాడు తాతయ్య.

నన్ను ఎవరూ పొమ్మనకపోయినా నేను డాబా మీదికి పరుగెత్తాను, అది నా ఉద్యోగం. నిచ్చెన మీది నుంచి మెట్లు కనబడతాయి. మామయ్య తండ్రి కన్నా నాలుగు మెట్లు కింద కూచుని, ఆయనకి వీపు చూపిస్తూ, వర్ణం ఎత్తుకున్నాడు. గొంతు మొదట వణికింది. తర్వాత సర్దుకుంది. కల్యాణి మొదలయ్యేసరికి ఇక తండ్రి ఉన్నాడో లేడో ఆయనకి గుర్తున్నట్టు లేదు. మెట్టు మెట్టుగా పైకి వెళ్ళాడు, పై షడ్జమం మీద నిలబడ్డాడు. మెట్ల మీద బల్బు ఎర్రబడింది. మోటారు దిగింది. మామయ్యకి ఇప్పుడు సంగతి తెలుసు గదా, దిగకుండా నిలబడతాడనుకున్నాను. నిలబడలేదు. తెలిసి తెలిసి దానితో పాటు దిగాడు, తొందరపడకుండా, పసిపిల్లని చంక దింపినట్టు. ట్యాంకు నిండింది. నేను కేక పెట్టలేదు. నీళ్ళు నా కాళ్ళ మీదుగా పొంగి పారాయి. ఓనరంకుల్ కింద తన వాకిట్లోంచి గబగబా వచ్చి స్విచ్చి మీద చెయ్యి వేశాడు. ఆయన తలెత్తి చూస్తే పై మెట్టు మీద ముసలాయన కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఓనరంకుల్ చెయ్యి అలాగే ఉంచి, నొక్కకుండా, పాట అయ్యేదాకా నిలబడ్డాడు. గోడ వెంట నీళ్ళు దిగుతూనే ఉన్నాయి. ఆ రోజు చల్ల మిరపకాయల గురించి ఎవరూ మాట్లాడలేదు.

టిఫిన్ దగ్గర తాతయ్య ఇడ్లీ తుంచుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా, కొట్లోకి వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. వీడు పురుగుమందు అమ్మితే పురుగులు బతికిపోతాయి అన్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి బయటికి రాలేదు. మామయ్య సంచిలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ దండెం మీద వేస్తుంటే నేను ఒక్కో చొక్కా అందించాను.

తాతయ్యని బస్సెక్కించడానికి మామయ్యా నేనూ ఎల్‌బీ నగర్ దాకా వెళ్ళాం. విజయవాడ బస్సు ఇంకా రాలేదు. దారిలో తినడానికి తాతయ్యకి బత్తాయిలు తెస్తానని మామయ్య రోడ్డు దాటి బండి దగ్గరికి వెళ్ళాడు. తాతయ్య సంచి మీద చేతులు పెట్టుకుని కాసేపు అటే చూశాడు. తర్వాత నా వైపు వంగి, ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మడూ, ఆ దిగిన చోటు ఉంది చూడు. నాకు పాటంతట్లోకీ అదే బాగుందే. దాన్ని పట్టుకుని వద్దన్నారేంటే వాళ్ళు?"

నాకప్పుడు పదేళ్ళు. సంగీతం తెలిసిన మామయ్యకి మేనకోడల్ని, ఏడో ఎక్కం మోహనలో పాడగలిగినదాన్ని. పాపం ఈ ముసలాయనకి ఏమీ తెలియదనుకున్నాను. నడుం మీద చెయ్యి పెట్టుకుని, శ్రుతి అంటే ఏమిటో, షడ్జమం ఎందుకు కదలకూడదో, తంబూరా ఎలా తల్లి లాంటిదో, మామయ్య ఎన్నడో చెప్పినదంతా ఒక్క ముక్క వదలకుండా అప్పగించాను. తాతయ్య అలాగా, అలాగా అని ఎంతో శ్రద్ధగా తలూపుతూ విన్నాడు. మామయ్య బత్తాయిలు తెచ్చాడు, బస్సొచ్చింది, తాతయ్య ఎక్కి కిటికీ పక్కన కూచున్నాడు. కిటికీ కింద నిలబడి నేను ఇంకా చెబుతూనే ఉన్నాను.

మామయ్య ఆ పై ఏడాది అసలైన తంబూరా దగ్గర పెట్టుకుని సాధన చేసి, రేడియోలో పాటగాడయ్యాడు. ఇప్పుడు వనస్థలిపురంలో ఆయన దగ్గర ఎంతమంది నేర్చుకుంటున్నారో నాకు లెక్క తెలియదు. జుట్టు తెల్లబడింది, గొంతు ఇంకా నిండుగానే ఉంది, శ్రుతి దగ్గర నిక్కచ్చి మనిషి. కల్యాణి పాడినప్పుడల్లా పై షడ్జమం మీద గీత గీసినట్టు నిలబడతాడు, చుట్టూ అందరూ భేష్ అంటారు. నేను మాత్రం ఆ చోటు వచ్చేసరికి ఊపిరి బిగబట్టి, దిగుతాడేమోనని ఎదురుచూస్తాను. దిగడు. ఆ బస్టాపులో పంతులమ్మలా నిలబడ్డ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎంత తెలుసు దానికి, ఎంత పొగరు. తాతయ్య పోయి చాలా కాలమైంది. ఇప్పుడు అడిగితే అంత పాఠం చెప్పేదాన్ని కాదు, అవును తాతయ్యా, నాకూ అదే బాగుంది అని ఊరుకునేదాన్ని.